తెలుగు లెంక

తెలుగు కవిత్వచరిత్రలో మనకు మొట్టమొదట కానవచ్చు మహాగ్రంథము ఒక అనువాదము. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు సంస్కృత మహాభారతమును తెనుగు చేయ మొదలిడెను. ఆదిసభాపర్వములను పూర్తిచేసి, అరణ్యపర్వములో కొంతభాగము మాత్రమే రచించెను. 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెలిగించెను. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును పిమ్మట ఎఱ్ఱన పూరించెను. ఈ మువ్వురును మహాకవులు. ఈ మువ్వురును అనువాదకులు. కావున మన భాషలో కవియు అనువాదకుడును వేఱువేఱు త్రోవలవారు కారు.

అయితే కవిత్రయమువారు మూలమును మక్కికి మక్కిగా దింపలేదు. కొన్ని పట్టుల కథను కుదించిరి. కొన్ని పట్టుల పెంచిరి. తెలుగువారి మనస్సునకు హత్తుకొనునట్లు మాటలను, సన్నివేశములను తీర్చిదిద్దిరి. పురాణకథ అందఱి సొత్తు గనుక వారికి ఆ స్వాతంత్ర్యము చెల్లినది. ధర్మరాజుగాని ద్రౌపదిగాని వచ్చి, “నేనీ మాట అనలేదే” యని కవిని నిలదీయబోరు.

20వ శతాబ్దమున గుంటూరు మండలమునకు చెందిన ఒక తెలుగు పండితునికి ఇంతకంటె కఠినమైన పని యెదురైనది. ఆయన పద్యముగా మార్పదలచినది పురాణము కాదు. అప్పటికి జీవించియున్న ఒక మహాపురుషుడు తన్నుగూర్చి తానే వ్రాసికొన్న గ్రంథమది. అందులోని ప్రతి మాటకును సత్యమే ప్రమాణము. ఆ గ్రంథము మహాత్మాగాంధీ ఆత్మకథ. ఆ పండితుడు తుమ్మల సీతారామమూర్తిగారు.

తెనాలినుండి బాపట్లకు పోవు రైలుమార్గమున నిడుబ్రోలు స్టేషను కలదు. దానిని ఆనుకొనియే పొన్నూరు పట్టణము వెలసినది. ఇంకను ముందునకు సాగినచో అప్పికట్ల, దానిని దాటినంతనే బాపట్ల వచ్చును. పొన్నూరునుండి రేపల్లె వైపునకు తిరిగినచో చెఱుకుపల్లి ప్రాంతమున కావూరు అను గ్రామము తగులును. ఇదంతయు కృష్ణా పశ్చిమ డెల్టా. కాలువ నీరు పాఱు మాగాణి నేల. వరికోత ముగిసిన పిమ్మట ఆ చేలలోనే మినుము, పెసర మొలకెత్తును. ఈ కావూరులో 1901వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన సీతారామమూర్తిగారు జన్మించిరి. తండ్రి నారయ్యగారు, తల్లి చెంచమాంబగారు. వారిది వ్యవసాయ కుటుంబము.

నాగలి పట్టు ఇంట పుట్టిన బాలుడు ఆ దినములలో కావ్యములు చదువుట అంత సులభము కాదు. గురువులను వెదకికొని పోవలెను. అమరమును, ఆంధ్రనామసంగ్రహమును కంఠస్థము చేయవలెను. వ్యాకరణమును, ఛందస్సును సాధింపవలెను. సీతారామమూర్తిగారు సంస్కృతాంధ్రములు రెండింటను కృషిచేసి ‘ఉభయభాషాప్రవీణ’ పట్టమును పొందిరి. తరువాత ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. పిమ్మట అప్పికట్లలో స్థిరపడిరి. పగలు పిల్లలకు పద్యమునకు అర్థము చెప్పుట, తీరిక దొరకినపుడు తాము పద్యము వ్రాయుట: ఇదియే వారి జీవితక్రమము. రాజాస్థానములు గాని, అగ్రహారములు గాని ఆ కవి యెఱుగరు.

వారి బాల్యయౌవనములు దేశము మేల్కొనుచున్న కాలము. 1913లో బాపట్లలో ప్రథమ ఆంధ్రమహాసభ సమావేశమైనది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనను తలంపు ఆ సభతో జనములోనికి వ్యాపించినది. అప్పటికి సీతారామమూర్తిగారు పండ్రెండేండ్లు నిండని బాలుడు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమును నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వదలి ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని కాపురముండిరి. అదే తరుణమున పొన్నూరునకు చేరువనున్న పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి ఆధ్వర్యమున భూమిశిస్తు చెల్లింపమని భీష్మించిరి. ఈ రెండు పోరాటములకును ప్రేరణ గాంధీజీ బోధయే. తమ ఇరుగుపొరుగు ఊళ్ల రైతులు ఒక మహాత్ముని మాటపై ఇల్లు వాకిళ్లు విడిచి నిలుచుట చూచిన యువకునికి ఆ మహాత్ముని జీవితమే కావ్యవస్తువుగా తోచుటలో వింత లేదు.

గాంధీజీ తమ కథను గుజరాతీ భాషలో వ్రాసిరి. అది 1925 మొదలు 1929 వరకు ‘నవజీవన్’ పత్రికలో వారము వారము వెలువడినది. మహాదేవ దేశాయిగారు దానిని ఇంగ్లీషులోనికి అనువదించిరి. గాంధీజీ దానికి పెట్టిన పేరులోనే సత్యముతో తాము చేసిన ప్రయోగములను మాట కలదు. గొప్పవాడు తన గొప్పతనమును చాటుకొనుటకు వ్రాసిన పుస్తకము కాదది. ఒక శాస్త్రజ్ఞుడు తన పరిశోధనాలయమున జరిగిన పరీక్షలను, ఫలించినవానిని ఫలింపనివానిని గూడ, ఉన్నదున్నట్లు లిఖించుకొనును. అదే విధమున గాంధీజీ తమ తప్పులను, తడబాటులను, భయములను దాచక చెప్పిరి. కథ 1920 ప్రాంతమునకు వచ్చి ఆగిపోవును. అటుపిమ్మటి తమ జీవితము లోకమున కంతకును తెలిసినదే యని వారు కలము నిలిపిరి.

ఆ కాలమున గాంధీజీ చరిత్రము పలుదేశముల రచయితలను ఆకర్షించినది. ఫ్రెంచి రచయిత రోమా రోలా 1924లో గాంధీజీని గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, ఐరోపా ప్రజలకు ఆ మహనీయుని పరిచయము చేసెను. 1931 డిసెంబరులో గాంధీజీ స్విట్జర్లాండునకు పోయి ఆ రచయితను కలిసికొనిరి. రోలా పనికిని, మన కవి పనికిని ఒక భేదము కలదు. రోలా గాంధీజీని గూర్చి తన మాటలలో వ్రాసెను. సీతారామమూర్తిగారు గాంధీజీ మాటలనే తెలుగు పద్యములుగా మార్ప బూనిరి. 1930 దశకమున ‘ఆత్మకథ’ యను పేర ఆ పద్యకావ్యము వెలువడినది.

ఈ పని యెంత కష్టమో తెలిసికొనవలెనన్న పద్యపు కట్టుబాట్లను ఒక్కసారి తలంచుకొనవలెను. ఉత్పలమాలను చూడుడు. ప్రతి పాదమున ఇరువది యక్షరములే యుండవలెను. భ, ర, న, భ, భ, ర గణములు వరుసగా వచ్చి, చివర ఒక లఘువు, ఒక గురువు నిలువవలెను. పదవ యక్షరము మొదటి యక్షరముతో యతిమైత్రి పాటింపవలెను. నాలుగు పాదములలోను రెండవ యక్షరము ఒక్కటియే కావలెను, అది ప్రాస. తేటగీతి కొంత సులువు. అందు ఒక సూర్యగణము, రెండు ఇంద్రగణములు, మరల రెండు సూర్యగణములు ఒక పాదమగును. ప్రాసనియమము లేదు. అయినను యతి తప్పరాదు, గణము తప్పరాదు.

ఇక గాంధీజీ కథలో వచ్చు వస్తువులెట్టివి? రాజకోటలోని బడి, లండనులోని శాకాహార భోజనశాల, డర్బనులోని న్యాయస్థానము, రైలుపెట్టె, ఓడ. 1893లో దక్షిణాఫ్రికాలో మొదటి తరగతి టిక్కెట్టు గల గాంధీజీని, నల్లవాడను కారణమున మారిట్స్‌బర్గ్ స్టేషనులో బండినుండి త్రోసివేసిరి. 1896 డిసెంబరులో వారెక్కివచ్చిన కూర్లాండ్ అను ఓడను, దానితోకూడ వచ్చిన నాదిరీ అను ఓడను డర్బను రేవున దినముల తరబడి నిలిపివైచిరి. అబ్దుల్లా సేటు దావా, సత్రములు, చట్టములు, అర్జీలు, లెక్కపత్రములు: ఇవన్నియు కథలో వచ్చును. పూర్వకావ్యములందు పురవర్ణనకు, ఋతువర్ణనకు, యుద్ధవర్ణనకు సిద్ధముగా పదసామగ్రి కలదు. రైలుటిక్కెట్టునకును, కోర్టు దావాకును అట్టి సామగ్రి ఏదియు లేదు. ఆ మాటలు పద్యమున ఎబ్బెట్టుగా వినబడకుండునట్లు కవి తన దారిని తానే వేసికొనవలెను.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మఱియొకటి కలదు. పాదమునకు గణము చాలనపుడు కవి యొక చిన్న విశేషణమును చేర్చి పూరించును. దీనినే పాదపూరణమందురు. సామాన్య కావ్యమున దీనివలన రసమునకు కొంత లోటు కలుగవచ్చును గాని, కథకు ముప్పు లేదు. సత్యకథలో అట్లు కాదు. “అతడు దొంగిలించెను” అనుట ఒకటి. “అతడు గతిలేక దొంగిలించెను” అనుట మఱియొకటి. ‘గతిలేక’ యను మాటను గణముకొఱకు చేర్చినను, అది తప్పు చేసినవానికి ఒక సాకును కల్పించును. తన తప్పునకు సాకు చెప్పుకొనక, ఉన్నమాట ఒప్పుకొనుటకే వ్రాసిన గ్రంథమున అనువాదకుడు అట్టి మాటను చేర్చెనేని, గ్రంథకర్తను అతడే అసత్యవాదిని చేసినవాడగును.

గాంధీజీ బాల్యమునకు చెందిన యొక ఘట్టముతో ఈ విషయము స్పష్టపడును. పదునైదేండ్ల ప్రాయమున ఆ బాలుడు అన్నగారి కడియమునుండి చిన్న బంగారు ముక్కను దొంగిలించి ఒక అప్పు తీర్చెను. తరువాత మనస్సు నిలువలేదు. తండ్రియెదుట నోరు విప్పి చెప్పుటకు ధైర్యము చాలక, తప్పునంతయు ఒక కాగితముపై వ్రాసి, తగిన శిక్ష విధింపుమని వేడుకొని, వ్యాధితో మంచమున పడియున్న తండ్రి చేతికి దానిని ఇచ్చెను. తండ్రి లేచి కూర్చుండి చదివెను. ఆయన కన్నీళ్లతో కాగితము తడిసినది. క్షణకాలము కన్నులు మూసికొని, ఆ కాగితమును చించివేసి, మరల పరుండెను. ఒక్క మాటయు పలుకలేదు.

పూర్వకాలపు ప్రబంధకవి చేతికి ఈ ఘట్టము చిక్కినయెడల తండ్రిచేత పది పద్యములు పలికించియుండును. పుత్రుని వినయమును పొగడించును, వంశగౌరవమును వర్ణించును. కాని ఈ ఘట్టపు బలమంతయు ఆ తండ్రి మౌనముననే యున్నది. అహింస యనగా నేమో తనకు తొలిపాఠము నేర్పినవి ఆ కన్నీళ్లే యని గాంధీజీ భావించిరి. ఇచట తండ్రినోట ఒక్క మాట పెట్టినను ఆ పాఠము చెడిపోవును. కవి తన ప్రతిభను చూపుటకు చోటు దొరకిన తావుననే చేయి కట్టుకొని నిలువవలసియున్నది. ఆత్మకథను పద్యముగా మార్ప బూనినవానికి ఇట్టి పరీక్ష అడుగడుగునను ఎదురగును.

ఈ పరీక్షలో సీతారామమూర్తిగారికి రెండు విషయములు తోడుపడినవి. మొదటిది వారి భాష. సంస్కృతము బాగుగా చదివినవారయ్యును, వారు దీర్ఘసమాసముల జోలికి అంతగా పోక తేట తెలుగును, రైతుల నోటి నుడికారమును ప్రేమించిరి. వారి కృతుల పేళ్లే ఇందుకు సాక్ష్యములు. ఒక పద్యసంపుటి పేరు ‘పఱిగపంట’. పంట కోసిన చేలలో రాలి మిగిలిన వెన్నులను ఏరుకొనుటను పఱిగ యేరుట యందురు. ఇతరులు కోసికొనిపోయిన చేలలో మిగిలినవానిని ఏరుకొంటినని వినయముగా చెప్పుటకు కాపుబిడ్డకు తప్ప వేఱొకరికి ఆ మాట తోచునా? ‘పెద్దకాపు’, ‘ఎక్కట్లు’ అనునవియు వారి కృతులే. తిక్కన వలె అచ్చతెలుగు పలుకుబడిని పట్టుకొన్నారని పెద్దలు వారిని ‘అభినవ తిక్కన’ యని కొనియాడిరి.

రెండవది వారి దృష్టి. ఆయనకు ‘తెలుగు లెంక’ యను పేరు రూఢియైనది. లెంక యనగా సేవకుడు. కాకతీయుల నాటి శాసనములలో ఈ మాట కనబడును. ఏలికకొఱకు ప్రాణములైనను ఇత్తునని బాస చేసి కొలువున చేరిన బంట్లను లెంకలని పిలిచెడివారు. కవిసింహములు, కవిసార్వభౌములు, కవిచక్రవర్తులు బిరుదులుగా వెలిగిన దేశమున, ఒక కవి తన భాషకు సేవకుడను పేరుతో ప్రసిద్ధుడగుట గమనింపదగిన విషయము. అనువాదకుని ధర్మమును ఇంతకంటె చక్కగా చెప్పు మాట దొరకదు. సేవకుడు యజమాని మాటను అవతలివానికి చేర్చును. దానిని మార్పడు, దానికి తన మాటను అతికింపడు. అట్లని సేవకుడు మూగవాడును కాడు. వినువానికి తెలియునట్లు, వాని మనస్సున నాటునట్లు చెప్పు నేర్పు అతనికి ఉండవలెను.

గాంధీజీ గూడ ఒక అనువాదకుడే యనుట ఇచట స్మరింపదగును. 1904లో జోహాన్నెస్‌బర్గునుండి డర్బనునకు పోవుచు, రైలులో రస్కిన్ అను ఆంగ్ల రచయిత గ్రంథమునొకదానిని వారు చదివిరి. ఆ రాత్రి వారికి నిద్ర పట్టలేదు. ఆ గ్రంథమున చెప్పిన రీతిగా బ్రతుకును మార్చుకొన నిశ్చయించి ఫీనిక్సు ఆశ్రమమును స్థాపించిరి. తరువాత దానిసారమును ‘సర్వోదయ’ మను పేర గుజరాతీలో వెలయించిరి. చదివిన మాటను మొదట తాను ఆచరించి, తరువాత తనవారి భాషలో చెప్పుట వారి పద్ధతి. అట్టివాని గ్రంథమును అనువదించుటకు పాండిత్య మొక్కటియే చాలదు.

సీతారామమూర్తిగారు ఆత్మకథతో ఆగలేదు. గాంధీజీ జీవితమే ప్రధానవస్తువుగా వారి కవిత్వము పెక్కేండ్లు సాగినది. ‘మహాత్మకథ’ యను వారి కావ్యమునకు 1969లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అది గాంధీజీ శతజయంతి సంవత్సరము. లోకులు వారిని ‘గాంధీజీ ఆస్థానకవి’ యని పిలిచిరి. కొల్లాయి గట్టిన గాంధీజీకి ఆస్థానమెక్కడిది? సింహాసనము లేదు, కనకాభిషేకము లేదు. అట్టి ఆస్థానమున కవిగా నుండుటకు జీతము ఆశింపని మనస్సు కావలెను.

తెలుగు రాష్ట్రముకొఱకు వారు రచించిన ‘రాష్ట్రగానము’ మఱియొక ప్రసిద్ధకావ్యము. బాపట్ల సభనాడు బయలుదేరిన కోరిక ఫలించుటకు నలువది సంవత్సరములు పట్టినది. 1951లో స్వామి సీతారాం ఆంధ్రరాష్ట్రమునకై నిరాహారదీక్ష పూనిరి. 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు అదే దీక్షలో ప్రాణములు వదలిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. గాంధీజీకి సేవచేసిన కలమే తెలుగుజాతికిని సేవచేసినది. దేశభక్తికిని, భాషాభిమానమునకును నడుమ వారికి విరోధము తోపలేదు.

వారి కాలమున తెలుగు కవిత్వము పలు మార్పులు పొందినది. భావకవుల గేయములు యువకుల నోళ్ల నాడినవి. 1950లో శ్రీశ్రీ ‘మహాప్రస్థానము’ పుస్తకముగా వెలువడినది. పద్యమునకు కాలము చెల్లినదని పలువురు తలంచిరి. సీతారామమూర్తిగారు మాత్రము పద్యమును విడువలేదు. పద్యమునకు ఒక సుగుణము కలదు. యతిప్రాసలు, గణముల నడక దానిని జ్ఞాపకమున నిలుపును. అక్షరము రానివాడును ఒకటి రెండుసార్లు విన్నచో పద్యమును అప్పగింపగలడు. చదువుకొన్నవారు తక్కువగా నున్న ఆనాటి పల్లెలలో ఒక మంచి మాటను పదిమందికి చేర్చుటకు పద్యము చక్కని వాహనము.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. గాంధీజీ కథ వచనములో నుండగా, దానిని పద్యము చేయనేల? ఈ ప్రశ్న సరియైనదే. యథార్థము తెలిసికొనుటకు వచనమే సుగమము. కాని తెలిసికొనుట వేఱు, మననము చేయుట వేఱు. తెలుగువారు హరిశ్చంద్రుని సత్యవ్రతమును, ధర్మరాజు సహనమును వచనములో చదివి మఱచిపోలేదు. పద్యములుగా పాడుకొని మనస్సున నిలుపుకొనిరి. గాంధీజీయే బాల్యమున హరిశ్చంద్ర నాటకమును చూచి, ఆ కథను తమలో తాము లెక్కలేనన్ని మాఱులు ఆడుకొంటిమని చెప్పిరి. ఆ హరిశ్చంద్రుని వరుసలో గాంధీజీ కథను గూడ తెలుగు పద్యమున నిలుపుట సీతారామమూర్తిగారు మన జాతికి చేసిన సేవ.

1990 మార్చి 21వ తేదీన వారు దివంగతులైరి. 2022లో జిల్లాలను పునర్విభజింపగా కావూరు, అప్పికట్ల గ్రామములు బాపట్ల జిల్లాలో చేరినవి. పొన్నూరు గుంటూరు జిల్లాలోనే నిలిచినది.

విద్యార్థులు ఈ కవి జీవితమునుండి గ్రహింపదగిన విషయ మొకటి కలదు. ఒకరి మాటను మఱియొకరికి చెప్పవలసిన పని మనకు ప్రతిదినము తటస్థించును. స్నేహితుడు చెప్పినది తల్లికి చెప్పుదుము. గురువు చెప్పినది తోటివానికి చెప్పుదుము. ఒక తగవును చూచి పెద్దలకు చెప్పుదుము. అప్పుడెల్ల మనము అనువాదకులమే. ఇంపుగా వినిపింపవలెనను ఆశతో ఒక మాట చేర్చుట, మనవానిని కాపాడవలెనని ఒక మాట దాచుట అప్పుడు మిగుల సులభము. అట్లు చేయక, విన్నదానిని విన్నట్లుగా, అయినను వినువారికి చక్కగా తెలియునట్లుగా చెప్పగలుగుట కష్టము. యతిప్రాసల సంకెలలో నుండియు, ఒక సత్యవాది మాటను వేలకొలది తెలుగువారికి చేర్ప బూనిన ఆ పండితుడు చేసిన ప్రయత్నము అదియే.